నీళ్లకు ముందు నూట అరవై నాలుగు చిట్కాలు

మా ఊళ్లో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన రోజున నలభై నిమిషాలు ఉంటాయి. ఎన్నింటికి వస్తాయన్నది మాత్రం దాలయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. కరెంటు ఉండి, మోటారు తిరిగి, ట్యాంకు నిండితే తెల్లవారుజామున ఐదింటికి రావచ్చు, లేకపోతే ఏడు కావచ్చు.

దాలయ్య మా మునిసిపాలిటీలో వాల్వు తిప్పే మనిషి. పొడుగాటి ఇనప తాళం ఒకటి సైకిలుకు కట్టుకుని ముప్ఫై రెండు వీధులు తిరుగుతాడు. అతని చొక్కా జేబులో ఒక చిన్న నోటు పుస్తకం, అందులో వీధికొక ఆడమనిషి ఫోను నంబరు ఉంటాయి. వాల్వు తిప్పే ముందు ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తాడు. ఆవిడ ఎత్తదు. మోగిందంటే నీళ్లన్న మాట, ఇంక మాట్లాడుకోడానికేముంది?

మా వీధికి ఆ మనిషి తవిటమ్మ. వీధి చివర టిఫిన్ల బడ్డీ నడుపుతుంది. ఆవిడ ఫోను పాతకాలం బటన్ల ఫోను. గుడ్డ సంచిలో పెట్టి పొయ్యి పక్క మేకుకు తగిలిస్తుంది. అది మోగగానే ఇడ్లీ కుండ మీద మూత తీసి గరిటెతో వాయిస్తూ, "నీలొచ్చీసినాయర్రా! నెగండి, నెగండి!" అని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా అరుస్తుంది. మేమంతా బిందెలతో బయటపడతాం. పదకొండేళ్లుగా ఒక్క రోజు కూడా ఈ ఏర్పాటు దెబ్బతినలేదు. కాబట్టి దీన్ని సంస్కరించాలని మా కమిషనర్ గారికి అనిపించడం సహజమే.

నేను ఆ ఆఫీసులోనే కాంట్రాక్టు మీద ప్రచార సహాయకుణ్ణి. తడి చెత్త, పొడి చెత్త బోర్డుల మీద రాతలు నావే. ఒక సోమవారం నన్ను కూడా మీటింగుకు పిలిచారు. అక్కడ విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కన్సల్టెంటు కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, పేరు నిశాంత్. మునిసిపాలిటీ వారి 'పురనేస్తం' అనే మొబైల్ యాప్‌లో కొత్తగా 'నీటిగంట' అనే సౌకర్యం పెడుతున్నారట. దాలయ్య తన ఫోనులో ఒక బటన్ నొక్కితే ఊరందరి ఫోన్లలో గంట మోగుతుందట.

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "పౌరులకు నీటి సమాచారం అశాస్త్రీయ పద్ధతిలో అందుతున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఒక మహిళ మూత వాయించడం ద్వారా ప్రభుత్వ సేవ ప్రకటించబడటం ఆధునిక పరిపాలనకు శోభనివ్వదు."

"సార్, ఫీచర్ మంచిదే, కానీ జనం మొదటి రోజే భయపడకూడదు" అన్నాడు నిశాంత్. "యాప్ తెరవగానే చిన్న చిన్న చిట్కాలు రావాలి. వాళ్లకి నేర్చుకుంటున్నామని కూడా తెలియకూడదు. అసలు శ్రమే ఉండకూడదు సార్."

"శ్రమరహిత పరిచయ చిట్కాలు" అని కమిషనర్ గారు స్టెనోకు చెప్పి, నా వైపు తిరిగారు. "భాస్కరరావు గారూ, రేపు సాయంత్రానికి ముసాయిదా సమర్పించండి."

నేను ఆ పూటే సమర్పించాను. మొత్తం మూడు చిట్కాలు. ఫోను దగ్గర పెట్టుకోండి. గంట మోగితే నీళ్లొచ్చినట్టు. బిందె పట్టండి. ఇంతకంటే ఏం రాయాలో నాకు తోచలేదు. నిశాంత్ చదివి చాలా బాగుందన్నాడు. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. ముసాయిదాను అభిప్రాయాల నిమిత్తం అన్ని విభాగాలకూ పంపారు.

ప్రభుత్వ ఆఫీసులో అభిప్రాయం అడిగితే లేదనడం చేతకానితనం కింద లెక్క. ఆరోగ్య విభాగం వారు బిందె తోమడం గురించి ఆరు చిట్కాలు పంపారు. ఇంజనీరింగు వారు కుళాయి తిప్పే దిశ గురించి బొమ్మతో సహా పంపారు. ఉద్యానవన విభాగం వారు మిగిలిన నీళ్లు మొక్కలకు పోయమన్నారు. న్యాయ సలహాదారు గారు, 'గంట మోగినంత మాత్రాన నీళ్లు వచ్చినట్లు భావించరాదని ఇందుమూలముగా పౌరులకు తెలియజేయడమైనది' అనే వాక్యం చేర్చకపోతే తాను సంతకం పెట్టనన్నారు. వారం తిరిగేసరికి చిట్కాలు నలభై ఒకటయ్యాయి.

నిశాంత్ తల పట్టుకున్నాడు. "సార్, ఇంత బరువు యూజర్ మొయ్యలేడు. చిట్కా అంటే నాలుగు మాటలే ఉండాలి."

"ఏ విభాగం అభిప్రాయాన్నీ తగ్గించే అధికారం మనకు లేదు" అన్నారు కమిషనర్ గారు.

ఇద్దరి మాటా నెగ్గే మార్గం ఒకటే ఉంది. నలభై ఒక్క చిట్కాల్నీ నాలుగేసి మాటల చొప్పున ముక్కలు కొట్టమన్నారు. కొట్టాను. నూట అరవై నాలుగయ్యాయి. న్యాయ సలహాదారు గారి వాక్యం ముక్కలయ్యాక మొదటి చిట్కా 'గంట మోగినంత మాత్రాన నీళ్లు' అని మిగిలింది. తరవాతి చిట్కా 'వచ్చినట్లు భావించరాదని ఇందుమూలముగా పౌరులకు'. చదివితే మతి పోతుంది. కాని ఎవరు చదువుతారు?

ఎవరూ చదవరని నాకు అప్పుడే రుజువైంది. తొంభయ్యో చిట్కా దగ్గర, మా ఆవిడ సుగుణ ఫోనుకు పంపిన సరుకుల చీటీలో ఒక వరస పొరపాటున అతికించేశాను. 'కందిపప్పు, అరకిలో, ఇంగువ, అగ్గిపెట్టెలు.' సరిగ్గా నాలుగు మాటలు. అది ఏడు విభాగాల పరిశీలన దాటి, కమిషనర్ గారి సంతకంతో 'యథాతథంగా ఆమోదించడమైనది' అని తిరిగి వచ్చింది. ఇప్పటికీ యాప్‌లో ఉంది, కావలిస్తే చూసుకోవచ్చు.

ఒక్క చిక్కు మిగిలింది. చిట్కా కింద 'దాటవేయి' అని ఒక బటన్ ఉంది. ఆఫీసులో పరీక్షించి చూస్తే అందరూ అదే నొక్కారు, కమిషనర్ గారితో సహా. దాని మీద ప్రత్యేక సమావేశం పెట్టారు.

"నూట అరవై నాలుగు సార్లు దాటవేయి నొక్కడమంటే పౌరుడి వేలికి ఎంత శ్రమ!" అన్నారు కమిషనర్ గారు నిజంగానే బాధపడుతూ. "మన ఆశయం శ్రమరాహిత్యం కదా? ఆ బటన్ తొలగించండి."

తొలగించారు. చిట్కాలు వాటంతటవే ఆరేసి సెకన్లకొకటి జరుగుతాయి. మొత్తం పదహారున్నర నిమిషాలు. పౌరుడు చెయ్యి కదపనక్కర్లేదు, ఫోను వంక చూస్తే చాలు.

నీటిగంటను ఒక శుక్రవారం ప్రారంభించారు. మర్నాడు పొద్దున్న దాలయ్య యథాప్రకారం మిస్డ్ కాల్ ఇచ్చాడు, తవిటమ్మ మూత వాయించింది, ఊరంతా నీళ్లు పట్టుకుంది. నిశాంత్ కంప్యూటర్లో చూస్తే చిట్కాలు పూర్తి చేసినవాళ్లు ఊరు మొత్తం మీద నలుగురు. అందులో ఒకడు నేను, ఉద్యోగధర్మం కొద్దీ.

"అంటే, మిగిలినవారు పరిచయం పొందకుండానే నీరు పట్టుకున్నారన్న మాట" అన్నారు కమిషనర్ గారు. ఆయన మొహం చూస్తే ఊరంతా దొంగతనం చేసినట్టుంది. "ముందే నీరు ఇచ్చేస్తే ఇక చిట్కాలు ఎవరు చూస్తారు? వీధికొక ప్రతినిధిని గుర్తించండి. ఆ ప్రతినిధి చిట్కాలు పూర్తి చేసిన పిమ్మటే ఆ వీధి వాల్వు తెరవబడాలి. మిస్డ్ కాల్ పద్ధతి నేటితో రద్దు."

ప్రతినిధులను ఎక్కడ వెతకాలి? వెతకనక్కర్లేదు, జాబితా సిద్ధంగా ఉందని ఒక గుమాస్తా చెప్పాడు. దాలయ్య నోటు పుస్తకం తెప్పించి, అందులోని ముప్ఫై రెండు నంబర్లూ కంప్యూటర్లోకి ఎక్కించారు. అవి బటన్ల ఫోన్లని, వాటిలో యాప్ కాదు గదా బొమ్మ కూడా కనబడదని దాలయ్యకు తెలుసు. కాని అతన్నెవరూ అడగలేదు. పుస్తకం తీసుకున్నారంతే. ఊళ్లో స్మార్టు ఫోన్లు లేనివాళ్లను ఏరి ఏరి పట్టుకున్నా అంత కచ్చితంగా కుదిరేది కాదు.

ఆ రోజు నుంచి నీళ్లు బందు.

ట్యాంకు నిండుగా ఉంది. మోటారు తిరుగుతోంది. దాలయ్య తాళంతో వాల్వు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని ఫోనులో మాత్రం 'ప్రతినిధి పరిచయం పూర్తి కాలేదు' అని ఎర్ర అక్షరాలు. ఊళ్లో వాళ్లు రైలు గేటు అవతల చేతిపంపు దగ్గర వరస కట్టారు. అందులో మా సుగుణ కూడా ఉంది. ఆ చిట్కాలు రాసింది నేనని అక్కడ ఎవరికీ చెప్పవద్దని బతిమాలుకున్నాను.

ఐదో రోజున తవిటమ్మ బడ్డీ మూసేసింది. ఇడ్లీ పిండికి నానబోయాలన్నా, గిన్నెలు కడగాలన్నా నీళ్లు కావాలి. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, రైలు గేటు నుంచి బిందె మోసుకొచ్చే ఓపిక లేదు. నేను ఆఫీసుకు పోతుంటే బడ్డీ ముందు బల్ల మీద ఊరికే కూర్చుని కనబడింది.

"బాస్కర్రావు బాబూ, మీ కచేరీలోనేనటగదా ఈ సిట్కాలేవో రాసింది?"

"అవునమ్మా" అన్నాను.

"మరి నీల్లెప్పుడొగ్గుతారటి? పదకొండేళ్లయింది బాబూ, ఒక్కపూట పొయ్యి ఆర్పలేదు. ఇల్లు కాలిపోయిన నాడు కూడా దోసెలేసినాను. ఇయ్యాల ఊరికే కూకున్నాను సూడు. నానేటి తప్పు సేసినాను?"

నాకు సిగ్గేసింది. తప్పు నీ బటన్ల ఫోనుదమ్మా అని చెప్పాలి. అది చెప్పకుండా తిన్నగా ఆఫీసుకు పోయి ప్రతినిధులెవరి దగ్గరా స్మార్టు ఫోన్లు లేవని చెప్పేశాను. చెప్తే రద్దు చేస్తారనుకున్నాను. ఇరవయ్యేళ్లు ఆఫీసుల్లో పనిచేసినా నాకింకా అంత అమాయకత్వం మిగిలి ఉంది.

నిశాంత్ మొహం వెలిగిపోయింది. "సూపర్ సార్! అయితే ఫోన్ కాల్ ద్వారా చిట్కాలు వినిపిద్దాం. చదవడం కూడా అక్కర్లేదు. ఇంకా శ్రమ తగ్గుతుంది." కంప్యూటర్లో దాలయ్య ఫోను కాల్స్ లెక్క చూసి, "ఈ నంబర్లన్నీ పొద్దున్న ఐదుకీ ఏడుకీ మధ్యే మోగుతున్నాయి. అంటే అప్పుడే వీళ్ల దృష్టి ఫోన్ మీద ఉంటుంది. ఆ టైములోనే చేద్దాం. ఎత్తకపోతే ఐదు నిమిషాలకోసారి మళ్లీ మోగుతుంది" అన్నాడు.

మర్నాడు ఐదుంపావుకు తవిటమ్మ ఫోను మోగింది. ఆవిడ ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది? మూత తీసి గరిటెతో బాదింది. "నీలొచ్చీసినాయర్రా! ఆరు దినాలకి దేవుడు కనికరించాడర్రా! నెగండి!"

వీధంతా లేచింది. మంచం దిగలేని ముసలాయన కూడా చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కుళాయిలు తిప్పితే గాలి బుస్సుమంది. మేం ఒకరి మొహాలొకరు చూసుకుని లోపలికి పోయామో లేదో మళ్లీ మోగింది. మళ్లీ మూత, మళ్లీ బిందెలు. ఏడింటి లోపల ఇరవై రెండు సార్లు మోగింది. ఆరోసారికి జనం విసుక్కున్నారు. పదోసారికి ఎదురింటి రిటైర్డు కండక్టరు కిటికీలోంచి, "ఒలే తవిటీ, నీకు మతి తప్పిందేటే?" అని కేకలేశాడు. తవిటమ్మ మాత్రం వాయించడం ఆపలేదు. ఆపితే నిజంగా వచ్చిన నీళ్లు పోతాయేమోనని ఆవిడ భయం. ఇరవై రెండోసారి ఆవిడ వాయిస్తూ ఏడ్చింది.

ఆఫీసులో దీన్ని వేరే విధంగా లెక్కించారు. "స్పందన అద్భుతం" అన్నారు కమిషనర్ గారు. ప్రతి కాల్‌కూ పౌరులు ఇళ్లలోంచి బయటకు వచ్చినట్టు శానిటరీ ఇన్‌స్పెక్టరు నివేదిక ఇచ్చాడు మరి. ఈ మోతను రోజూ సాగిస్తూ, మూడు రోజుల్లోనే రాష్ట్రస్థాయి పురస్కారానికి దరఖాస్తు కూడా పంపేశారు. మొదటి చిట్కా ఇంకా ఏ ప్రతినిధి చెవిలోనూ పడలేదన్న సంగతి దరఖాస్తులో రాయడానికి గడి లేదు.

పదో రోజు పొద్దున్న దాలయ్య ఇంక ఉండబట్టలేక, యాప్ సంగతి పక్కన పెట్టి, తవిటమ్మకు తన చేత్తో మిస్డ్ కాల్ ఇచ్చి మా వీధి వాల్వు తిప్పేశాడు. తవిటమ్మ మూత వాయించింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నాలుగు రోజులుగా ఆ మోత విని విని అందరూ దుప్పట్లు ముసుగెట్టి పడుకున్నారు, నాతో సహా. తిప్పి వదిలేసిన కుళాయిల్లోంచి నీళ్లు ధారగా కాలవలోకి పోతున్నాయి. తవిటమ్మ ఆ మోకాళ్లతోనే ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదింది. "నిజంగానే బాబూ! మీ కాళ్లు పట్టుకుంటాను, ఈసారి నిజంగానే!" మేం లేచి నమ్మేసరికి నలభై నిమిషాల్లో ముప్ఫై అయిపోయాయి. ఆవిడ బిందెలు మాత్రం ఖాళీగానే ఉండిపోయాయి, మమ్మల్ని లేపడంలో పడి పట్టుకోలేదు.

ఆ సాయంత్రమే ఆఫీసులో సమీక్ష. నీళ్లొచ్చిన రోజున మా వీధిలో ఒక్కరు కూడా యాప్ తెరవలేదని నిశాంత్ గీతల బొమ్మ చూపించాడు. కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించి తేల్చారు.

"నీరు సరఫరా కావడం యాప్ వినియోగానికి ఆటంకంగా పరిణమిస్తున్నట్టు స్పష్టమవుతోంది. అనుమతి లేకుండా వాల్వు తెరిచిన దాలయ్యకు మెమో ఇవ్వండి. ఎందుకు తొలగించకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. భాస్కరరావు గారూ, ఈ పరిస్థితికి తగినట్టు మరో రెండు చిట్కాలు చేర్చి రేపటికల్లా పెట్టండి."

నాకు కోపం వచ్చింది. నేను కోపం తెచ్చుకునే మనిషిని కాను. నా కాంట్రాక్టు పత్రంలో దానికి చోటే లేదు. కాని కాలవలో పోయిన నీళ్లూ, ఆ ఖాళీ బిందెలూ కళ్ల ముందు నుంచి పోలేదు. బయటకు వచ్చి వరండాలో కూర్చున్న దాలయ్య పక్కన చతికిలబడ్డాను.

"దాలయ్యా, మిషను ఫోను ఎంతసేపు మోగుతుంది?"

"ఎత్తనంతసేపూ మోగుతాది బాబూ, పాడు మిషను."

"నువ్వు రెండు మోతలకే ఆపేయగలవా?"

దాలయ్య నా వంక అనుమానంగా చూశాడు. "ఆపుతాను గాని, వాల్వు తిప్పితే నా ఉజ్జోగం ఊడబెరుకుతారు గదేటి?"

"సంజాయిషీ నేను రాసిస్తాను. రెండు రోజులాగు."

ఆ రాత్రి భోజనం కూడా చేయకుండా రెండు చిట్కాలూ రాశాను. నాలుగేసి మాటలే, నియమం ప్రకారం. నూట అరవై అయిదో చిట్కా: 'చిట్కాలు చూడకపోయినా నీళ్లు వదలబడును.' నూట అరవై ఆరో చిట్కా: 'రెండు మోతలకే ఆగితే నీళ్లు.' పాత నూట అరవై నాలుగింటికీ అడుగున కుట్టి, నలభై పేజీల అనుబంధంగా ఏడు విభాగాలకూ తిప్పాను. ఎవరూ ఒక్క అక్షరం కూడా అడగలేదు. మర్నాడు సాయంత్రం కమిషనర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఆఖరి పేజీ తిప్పారు. ఆ రెండు చిట్కాలూ ఆయన కళ్ల ముందే ఉన్నాయి. పెన్ను మూత తీసి, వాటి కిందే సంతకం పెట్టి, "కందిపప్పు ధర చూశారా, ఎంత మండిపోతోందో" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. కాదు, ఆయన అన్నది మామూలుగానే.

మూడో రోజున దాలయ్య సంజాయిషీ ఇచ్చాడు. 'చిట్కా నంబరు నూట అరవై అయిదు ప్రకారం ఇకపై కూడా నీళ్లు వదలబడును' అని ఒకే వాక్యం. కమిషనర్ గారు గావుకేక పెట్టారు.

"ఈ చిట్కాను ఎవరు ఆమోదించారు?"

గుమాస్తా ఫైలు తెరిచి సంతకం చూపించి, "తమరేనండి" అన్నాడు.

కమిషనర్ గారు ఆ సంతకం వంక, గోడ మీది గడియారం వంక, చివరికి నా వంక చూశారు. ఉపసంహరించాలంటే చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. పైగా పురస్కారం దరఖాస్తు పైకి పోయింది, అందులో 'ఒక్క చిట్కా కూడా వెనక్కు తీసుకోబడలేదు' అని రాసి ఉంది. అది రాసింది కూడా నేనే.

"ఆమోదించినది సరైనదే అయి ఉంటుంది" అన్నారు ఆయన నెమ్మదిగా. "అమలు చేయండి."

ఆ సాయంత్రం దాలయ్య మా వీధి తప్ప మిగిలిన ముప్ఫై ఒక్క వీధులూ తిరిగి ప్రతినిధులందరికీ రెండు మోతల చిట్కా ఒక్కటీ నోటితో చెప్పాడు. తవిటమ్మకు నేను చెప్పాను. "రెండు మోతలకే ఆగితేనే వాయించమ్మా. మిగతావి మోగి మోగి అవే ఊరుకుంటాయి."

"అంతేనా? ఇంత సిన్న మాటకి ఇన్ని దినాలు పట్టిందేటి బాబూ మీకు?" అంది ఆవిడ.

మర్నాడు తెల్లవారకముందే బిందె పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నాకే నమ్మకం కుదరలేదు, వీధికెలా కుదురుతుంది? ఐదుంపావుకు తవిటమ్మ ఫోను మోగింది. మోగుతూనే ఉంది. వీధిలో అలికిడి లేదు. అదలా మోగి ఆగాక, నా జేబులో ఫోను మోగింది. నిశాంత్. ఎత్తాను.

"సారీ సార్, పొద్దున్నే డిస్టర్బ్ చేస్తున్నా. రాత్రంతా ఆలోచించాను. నూట అరవై ఆరో చిట్కా చాలా పవర్‌ఫుల్ సార్. కానీ మోతలు ఎలా లెక్కపెట్టాలో జనానికి తెలియాలి కదా? దానికి ఒక చిన్న పరిచయం, ఓ పది చిట్కాలు..."

వీధి చివర తవిటమ్మ ఫోను మళ్లీ మోగింది. ఒకటి. రెండు. ఆగిపోయింది.

ఇడ్లీ కుండ మూత ఖంగుమంది. ఎదురింటి కండక్టరు తలుపు తెరుచుకుంది, దాని పక్కది, ఆ పక్కది. ఈసారి తవిటమ్మ ముందు తన బిందె కుళాయి కింద పెట్టుకుని, అప్పుడు అరిచింది.

"సార్, లైన్లో ఉన్నారా?" అన్నాడు నిశాంత్.

ఫోను అరుగు మీద పెట్టేసి బిందె అందుకున్నాను.